ఉద్యోగం మానేసిన కథతో పాటు ఇంటి లెక్కా వేయండి

సంపాదకులు గారికి,

నమస్కారాలు. గత ఆదివారం మీ అనుబంధంలో, ఉద్యోగాలు వదిలేసి తమకిష్టమైన పనినే బతుకుతెరువుగా చేసుకున్న నలుగురి గురించి రెండు పేజీలు వేశారు. నలుగురి పనీ చూడముచ్చటగా ఉంది. చదివి సంతోషించాను. చదవడం అయ్యాక మళ్లీ మొదటి నుంచి ఒక్క విషయం కోసం వెతికాను. మానేసిన మొదటి ఏడాది వాళ్ల ఇల్లు ఎలా గడిచింది? నాలుగు కథల్లోనూ ఎక్కడా ఆ ముక్క లేదు. నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఆ ముక్క గురించే.

నేనూ అలా మానేసినదాన్నే. మాది తిరుపతి. బీకాం చదివి 2000లో ఇక్కడే ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ సెక్షన్‌లో చేరాను. పద్దెనిమిదేళ్లు చేసి 2018 మే 31న మానేశాను. అప్పటికి చేతికొచ్చే జీతం 29,000. ఇప్పుడు గుడ్డ మీద కలంకారీ బొమ్మలు వేస్తాను. కృష్ణా జిల్లా పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. మాది శ్రీకాళహస్తి పద్ధతి, అంతా కలం పట్టుకుని చేత్తో గీయడమే.

2022లో ఒక పత్రిక జిల్లా పేజీలో నా గురించి రాశారు. విలేకరి మంచి కుర్రవాడు. గంటన్నర కూర్చుని ఎర్ర రంగు ఎలా వస్తుందో, నల్ల రంగు ఎలా వస్తుందో ఓపిగ్గా అడిగి రాసుకున్నాడు. నా జీతం ఎంత ఉండేదో అడగలేదు, నేనూ చెప్పలేదు. తెల్లారి చూస్తే శీర్షికలో ‘లక్షల జీతం కాదని’ అని ఉంది. మా వీధిలో వాళ్లంతా మెచ్చుకున్నారు. నేను ఆ పేజీ దాచుకున్నాను. తప్పు రాశారని ఫోన్ చేసి చెప్పలేదు. ఆ తప్పులో నా వాటా కూడా ఉంది.

నాలుగైదు నెలల తర్వాత ఒక అమ్మాయి ఫోన్ చేసింది. కడప జిల్లా పిల్ల. చెన్నైలో ఉద్యోగం చేసేది. మట్టితో కమ్మలు, దండలు చేసి కాల్చి రంగులేయడం తనకు చిన్నప్పటి నుంచీ ప్రాణమట. నా వార్త కత్తిరించి హాస్టల్ గదిలో గోడకు అతికించుకుందట. రాజీనామా ఇచ్చి అప్పటికి మూడు నెలలు. ‘‘అక్కా, ఒక్కటే అడగాలని చేశాను. మొదటి ఏడాది మీరు ఎలా నెట్టుకొచ్చారు?’’ అంది.

‘‘మా ఆయన జీతంతో అమ్మా’’ అన్నాను.

అవతల చాలాసేపు మాట లేదు. ఆ తర్వాత, ‘‘ఆ మాట పేపర్లో లేదక్కా’’ అంది.

కోప్పడలేదు, ఏడవలేదు. ఆ ఒక్క మాటే అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాళ్ల నాన్న వేరుశనగ వేసే రైతు, ఆమె పంపే డబ్బుతో తమ్ముడు చదువుతున్నాడు. పాత కంపెనీ మళ్లీ తీసుకోలేదు. ఏడాది తిరగక ముందే ఇంకోచోట, ముందటి కంటే 6,000 తక్కువ జీతానికి చేరింది. ఆ అమ్మాయి చేసిన కమ్మలు నా దగ్గర ఒక జత ఉన్నాయి. పనిలో ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఆమె పడిపోయింది పనితనం చాలక కాదని చెప్పడానికే ఈ మాట రాస్తున్నాను.

కలంకారీ మీద నాకు ప్రేమ ఎలా పుట్టిందో కూడా చెప్పాలి, లేకపోతే నేనేదో ఇష్టాన్నే తప్పుపడుతున్నానని అనుకుంటారు. 2008లో మా ఆఫీసు లెక్కల పని మీద శ్రీకాళహస్తి వెళ్లాను. పని అయ్యాక బస్సుకి ఇంకా టైముంటే ఒక ఇంటి అరుగు మీద ఒక పెద్దాయన గుడ్డ పరుచుకుని గీస్తుంటే నిలబడి చూశాను. కరక్కాయ పొడి, ఎనుము పాలు కలిపి నానబెట్టి ఆరేసిన గుడ్డ అది. ఆవుపాలలో కొవ్వు చాలదు, రంగు పక్కకు పాకుతుందని తర్వాత తెలిసింది. ఆయన చేతిలో వెదురు పుల్ల, దాని నడుమ ఉన్ని చుట్టి దారంతో కట్టిన ఉండ. దాన్ని ఒక కుండలో ముంచాడు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు వేసి మూడు వారాలు పులియబెట్టిన నీళ్లు అవి, కసిమి అంటారు. వాసన ముక్కు పగలగొడుతుంది. చూడ్డానికి మట్టినీళ్లలా ఉంటాయి. బొటనవేలితో ఆ ఉండను కాస్త నొక్కి గీత లాగాడు. పుల్ల వెనకాలే, గుడ్డ మీద పడ్డ నీళ్లు పడ్డట్టే నల్లబడుతూ వచ్చాయి. ఇనుముకీ కరక్కాయలోని వగరుకీ కలిస్తే పుట్టే నలుపు అది. ఆయన గీస్తున్న రాముడి కన్ను నా కళ్లెదుటే తెరుచుకుంది. బస్సు పోయింది. తర్వాత బస్సుకీ నేను కదల్లేదు.

ఆయనే తర్వాత మా గురువుగారయ్యారు. 1950లలో, చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ గారి చొరవతో శ్రీకాళహస్తిలో ఈ విద్యకు మళ్లీ ఊపిరి వచ్చి శిక్షణ కేంద్రం మొదలైంది. ఆ రోజుల్లో నేర్చుకున్న వాళ్లలో ఆయన తండ్రిగారు ఒకరు. పదేళ్లు నేను ప్రతి ఆదివారం ఉదయం ఆరు బస్సుకు వెళ్లాను. మొదటి ఏడాదంతా చింతపుల్లల బొగ్గుతో గీతలే. పటిక నీళ్లు పూయడం రెండో ఏడాది. పటిక పూస్తే గుడ్డ మీద ఏమీ కనబడదు. ఎక్కడ పూశామో మనకే గుర్తుండాలి. ఆ గుడ్డను పారే నీళ్లలోనే జాడించాలి. నిలవ నీళ్లలో ముంచితే కరిగిన పటిక పక్కలకు అంటుకుంటుంది. తర్వాత మంజిష్ఠ వేళ్లు వేసి రాగి గంగాళంలో ఉడికిస్తే, మనం పూసినచోటే ఎరుపు లేచి వస్తుంది. చెయ్యి వణికిన చోటు కూడా అప్పుడే బయటపడుతుంది.

అలా పదేళ్లు నేర్చుకున్నాకే మానేశాను. మానేసే ముందు, 2017 డిసెంబరులో ఇంటి అప్పు ఆఖరి వాయిదా కట్టేశాం. మా ఆయన ఆర్టీసీలో కండక్టరు. ఒకటో తారీకు ఆయన జీతం వచ్చేది. జ్వరమొస్తే ఆర్టీసీ ఆసుపత్రి ఉంది. తీరిన అప్పు, ఆయన జీతం, ఆసుపత్రి - ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా నేను మానేసేదాన్నే కాదు. నా గురించిన వార్తలో ఈ మూడూ లేవు. అందులో ‘కల’ అనే మాట మాత్రం ఐదుసార్లు ఉంది, లెక్కపెట్టాను.

అకౌంట్స్ మనిషిని కాబట్టి మానేసిన మర్నాటి నుంచి పద్దు రాస్తున్నాను. 2018 జూన్ నుంచి 2019 మే వరకు అమ్మకం 1,38,000. గుడ్డ, పాలు, కరక్కాయ, మంజిష్ఠ, కట్టెలు, బస్సు ఛార్జీలు, ఎగ్జిబిషన్ స్టాళ్ల అద్దె అన్నీ కలిపి ఖర్చు 91,000. మిగిలింది 47,000. నెలకు నాలుగు వేలు కూడా పడలేదు. ఉద్యోగంలో ఉంటే ఆ ఏడాది 3,48,000 వచ్చేది. మానేసినప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీ 1,89,000 వచ్చింది. మేడ మీద రేకుల షెడ్డు, రెండు రాగి గంగాళాలు పోగా మిగతాది ఏడాదిన్నరలో ఇంటి ఖర్చుల్లో కరిగిపోయింది. పదేళ్ల సర్వీసు దాటింది కాబట్టి 58 ఏళ్లకు కాస్త పెన్షన్ వస్తుంది. నాలుగేళ్లు చేసి మానేసే పిల్లలకు గ్రాట్యుటీ కూడా రాదు, దానికి మామూలుగా ఐదేళ్ల సర్వీసు నిండాలి. ఈ సంగతి ఆ అమ్మాయికి తెలియదు. నాలుగేళ్ల రెండు నెలలకు రాజీనామా ఇచ్చింది. ఇంకో పది నెలలు ఆగి ఉంటే చేతిలో కొంత పడేది.

ఇంతకంటే పెద్ద విషయం ఒకటుంది. దీన్ని ఇప్పటి దాకా బయట ఎవరికీ చెప్పలేదు.

మొదటి ఏడాది నేను ధర కట్టేటప్పుడు గుడ్డకూ రంగుకూ అయిన ఖర్చు మీద కొంచెం వేసి చెప్పేదాన్ని. నా కూలి లెక్కలోకి తీసుకోలేదు. ఇష్టంగా చేసేదానికి కూలేమిటి అనిపించేది. రెండు గజాల వనవాస రాముడి గుడ్డ 4,000కు ఇచ్చాను. కొన్న వ్యాపారి సంతోషంగా పట్టుకెళ్లాడు. నెల తర్వాత ఒక ఆదివారం గురువుగారింటికి వెళ్తే ఆయన మామూలుగా మాట్లాడలేదు. కాఫీ తాగాక చెప్పారు. ఆ వ్యాపారే వచ్చి, ‘‘మీ శిష్యురాలు నాలుగు వేలకిస్తోంది, మీరు తొమ్మిదివేలంటే ఎట్లా’’ అని బేరమాడాడట. ఇంట్లో పెళ్లి పెట్టుకుని ఉన్నారు, డబ్బు అవసరం. ఐదున్నర వేలకు ఇచ్చేశారు. అది ఇరవై మూడు రోజుల పని.

ఆయన నన్ను తిట్టలేదు. ‘‘నీకు ఇంకో చెయ్యి ఉందమ్మా. మాకు ఇదొక్కటే చెయ్యి’’ అన్నారు.

ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. మా ఆయన జీతం నా ఇంటిని నడిపింది. దాంతో పాటు నాకు తెలియకుండానే నా గుడ్డ ధరను తగ్గించింది, ఆ తగ్గింపు వెళ్లి గురువుగారి ఇంటి మీద పడింది. సరదాగా నేర్చుకుని వృత్తిలోకి దిగేవాళ్లం చాలామంది ఇదే చేస్తున్నాం. కేకులు చేసేవాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు, మగ్గం వర్క్ చేసేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు, మొదట్లో పేరు రావాలని తక్కువకు చేస్తాం. అదే పని మీద మూడు తరాలుగా బతుకుతున్న మనిషి పక్కనే ఉంటాడు, ఆయనకు తక్కువకు చేసే వీలుండదు. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది, 2008లో కలంకారీ కళాకారులు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి పద్మశ్రీ వచ్చింది, ఊరంతా గర్వపడ్డాం. అరుగు మీద బేరం జరిగేటప్పుడు మాత్రం గెలిచేది తక్కువ ధరే. పైగా మిల్లులో అచ్చేసిన గుడ్డ కూడా అంగళ్లలో కలంకారీ పేరుతోనే అమ్ముడుపోతోంది.

మర్నాడే ధర మార్చాను. అదే కొలత గుడ్డ 9,000. ఖర్చు 1,150 పోతే 7,850. ఇరవై మూడు రోజులకు పంచితే రోజుకు 341 రూపాయలు. తాపీమేస్త్రీ దగ్గర సిమెంటు అందించే మనిషికి మా దగ్గర అంతకంటే ఎక్కువే ఇస్తారు. ఈ 341 గురించి కూడా నా వార్తలో లేదు. ఉంటే కొనేవాళ్లు బేరమాడే ముందు ఒకసారి ఆలోచించేవాళ్లు.

తర్వాతి ఏళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. 2020 ఏప్రిల్‌లో జరగాల్సిన ఎగ్జిబిషన్‌కు హైదరాబాదులో ముందే స్టాలు తీసుకున్నాను, మార్చి 25 నుంచి లాక్‌డౌన్. ఏడు నెలలు ఒక్క గుడ్డ కదల్లేదు. 2021 నవంబరు వానలకు తిరుపతి మునిగినప్పుడు మా షెడ్డులోకి నీళ్లు రాలేదు గానీ, పాలు పట్టించిన గుడ్డలు పది రోజులు ఆరలేదు. బూజు పట్టింది. పాలు పులిసిన వాసన వదిలించడానికి మూడుసార్లు ఉతికాను, పోలేదు. పద్నాలుగు ముక్కలు పారేశాను, పద్దులో నష్టం 11,200. ఎండాకాలంలో స్వర్ణముఖిలో పారే నీళ్లుండవు. ఊరి బయట ఒక రైతు బోరు దగ్గరికి వెళ్లి గంటకు ఇంత అని ఇచ్చి జాడించుకుంటాను. అప్పు కోసం ఒక బ్యాంకుకు వెళ్తే ఆరు నెలల జీతం స్లిప్పులు అడిగారు.

ఇష్టం కూడా మారుతుంది. 2023లో ఒక పెళ్లివారు తాంబూలంతో పాటు ఇవ్వడానికి 150 చిన్న వినాయకులు అడిగారు. మంచి ఆర్డరు, రెండు నెలలు ఇల్లు గడిచింది. నూట ముప్పయ్యో వినాయకుడి తొండం గీస్తుంటే చెయ్యి దానంతటదే పోతోంది, మనసు ఎక్కడో ఉంది. ఆ రోజు కలం పక్కన పెట్టి మేడ దిగి వచ్చేశాను. పదేళ్లు ఆదివారాల కోసం వారమంతా ఎదురుచూసినదాన్ని. ఆ ఆదివారం ఇక లేదని అప్పుడర్థమైంది. మా అత్తయ్య మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, ‘‘శుక్రవారం ఎవరి కోసమూ వేయొద్దు, నీకోసం వేసుకో’’ అంది. మొదట్లో ఉద్యోగం మానొద్దని నెలరోజులు నాతో మాట్లాడని మనిషి ఆమె. అప్పటి నుంచి శుక్రవారం నాది. రామాయణం ఒకే గుడ్డ మీద వేస్తున్నాను, కింద వరసగా తెలుగులో పేర్లు రాస్తూ, పాతవాళ్లు వేసినట్టే. సుందరకాండ దాకా వచ్చాను. అది అమ్మను.

2024-25లో గుడ్డల మీద మిగులు 1,92,000. పిల్లలకు నేర్పితే వచ్చింది 66,000. మొత్తం 2,58,000, అంటే నెలకు 21,500. మానేసి ఏడేళ్లయ్యాక కూడా నేను 2018లో వదిలిన జీతాన్ని అందుకోలేదు. అయినా నన్ను మళ్లీ ఆఫీసుకు రమ్మంటే వెళ్లను. మంజిష్ఠ ఉడికిన గుడ్డను నీళ్లలోంచి పైకి తీసినప్పుడు ఎరుపు ఎంత లోతుగా పట్టిందో చూసే ఆ నిమిషం కోసం నేను ఈ 21,500తో సర్దుకోగలను. సర్దుకోగలుగుతున్నది మా ఇంట్లో ఇంకో జీతం ఉండబట్టే. ఈ రెండు మాటలూ కలిపి చెబితేనే నా కథ నిజం. మొదటిది ఒక్కటే వేస్తే అది ఇంకొకరి పిల్లను చెన్నై హాస్టల్లోంచి బయటకు లాగుతుంది.

అందుకని ఒక విన్నపం. ఇలాంటి కథలు వేయడం మానొద్దు. మీరు వేయబట్టే నా గుడ్డలు కొన్నవాళ్లున్నారు. కథ పక్కనే చిన్న పెట్టెలో లెక్క వేయండి. వదిలిన జీతం ఎంత, ఎన్నేళ్లు నేర్చుకున్నాక వదిలారు, అప్పులుంటే ఎంత, మొదటి ఏడాది ఖర్చులు పోను మిగిలిందెంత, ఆ ఏడాది ఇంట్లో అన్నం ఎవరి సంపాదన, ఆసుపత్రికి దారేమిటి. భార్య జీతమో, తండ్రి పొలమో, హైదరాబాదులో ఇంటి మీద వచ్చే అద్దో ఉంటే ఆ మాట రాయండి. అందులో నామోషీ ఏముంది? మా ఆయన పగలంతా బస్సులో నిలబడి టికెట్లు కొట్టకపోతే నా రాముడు లేడు. ఆయన పేరూ నా ఫొటో కింద ఉండాల్సింది.

రాసిన మూడేళ్లకు ఒకసారి మళ్లీ వెళ్లి అడగండి. మూసేసి ఉద్యోగాల్లోకి తిరిగి వెళ్లినవాళ్లను కూడా మాట్లాడించండి. వాళ్ల దగ్గర నేర్చుకునేది చాలా ఉంటుంది, వాళ్లను ఎవరూ అడగడం లేదు. ఏ పని గురించి రాసినా, తరతరాలుగా అదే పని చేస్తున్న ఒక ఇంటి గడప తొక్కి, కొత్తగా వచ్చినవాళ్ల వల్ల మీ ధర పెరిగిందా, తగ్గిందా అని అడగండి.

నా 2018-19 లెడ్జరు నుంచి మూడు పేజీల జెరాక్సు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. రెండో పేజీలో ఎర్ర సిరాతో గీత గీసినది ఆ 4,000 పద్దు. గురువుగారి సంగతి ఆయన్ని అడిగే రాశాను, పేరు వద్దన్నారు. మిగతా ఏళ్ల లెడ్జర్లు కావాలంటే విలేకరిని పంపండి, అన్నీ చూపిస్తాను. ఉదయం పది లోపు వస్తే మేలు. ఆ తర్వాత మేడ మీద గుడ్డలు ఆరేసే పని ఉంటుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
తిరుపతి